పెళ్ళికాని మేనత్త ఫైలు వెతకండి

సంపాదకులకు నమస్కారం.

వంశవృక్షాల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది. ఐర్లండ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు: 1922లో డబ్లిన్‌లో రికార్డులన్నీ తగలబడ్డాయి కాబట్టి ఐరిష్ మూలాలున్నవాళ్ళకు వీలునామాల దారి మూసుకుపోయిందని. ఈ మాట చాలామంది నోట వినపడుతుంది. అందులో నిజం సగమే. మిగతా సగం తెలియక ఎంతోమంది వెతుకులాట మొదలుపెట్టకుండానే చేతులెత్తేస్తున్నారు.

ఐరిష్ ముత్తాతలతో మనకేం పని అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు రైల్వే కాలనీల్లో తరాలుగా ఉన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో ఐరిష్ ఇంటిపేర్లు ఉన్నాయి. అమెరికాలో మన పిల్లలు చేసుకున్న పెళ్ళిళ్ళ వల్ల ఐరిష్ మూలాలున్న వియ్యంకులు వచ్చిన ఇళ్ళూ ఉన్నాయి. ఆ ఇళ్ళలో మనవలకు తాతల ఊరు చెప్పాలంటే ఒకవైపు తెనాలో జగిత్యాలో అని చెప్పగలుగుతున్నారు, రెండోవైపు "ఐర్లండ్" అని ఆగిపోతున్నారు. ఈ ఉత్తరం వాళ్ళకోసం. కొంచెం పొడవుగా ఉంటుంది, మన్నించాలి.

ముందు ఆ మంటల సంగతి. అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, 1922 జూన్ 30న, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో పబ్లిక్ రికార్డ్ ఆఫీసు భాండాగారం పేలి కాలిపోయింది. అక్కడ దాచిన అసలు వీలునామాలు దాదాపు అన్నీ పోయాయి. 1821 నుంచి 1851 వరకు తీసిన జనాభా లెక్కల్లో చాలా భాగం పోయింది. అయితే కాగితాలు దాచే భవనం, పాఠకులు కూర్చునే భవనం వేరువేరు. సూచీ పుస్తకాలు రెండోదాంట్లో ఉండి బతికిపోయాయి. పైగా వీలునామాలు ఇరవై ఏళ్ళు నిండాక గానీ అక్కడికి చేరేవి కావు. కాబట్టి వీలునామాలు నమోదు చేసే ఆఫీసుల్లో, అంటే డబ్లిన్ ప్రధాన రిజిస్ట్రీకి వచ్చినవాటిలో 1904 నుంచి, జిల్లా రిజిస్ట్రీల వాటిలో 1900 నుంచి అసలు ప్రతులే మిగిలాయి. అంతకు ముందువి కూడా జిల్లా రిజిస్ట్రీల్లో పూర్తిగా పుస్తకాల్లోకి ఎక్కించి ఉంచారు. కాలిపోయినదానికి నకలు ఉందా అనేది కౌంటీని (మన జిల్లా లాంటిది) బట్టి, సంవత్సరాన్ని బట్టి తేలాల్సిన ప్రశ్న.

ఇక్కడ చాలామంది చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. నేరుగా డబ్లిన్ వెబ్‌సైట్ తెరిచి ముత్తాత పేరు కొడతారు. అదే పేరుతో యాభై మంది వస్తారు. ఎవరు మనవాళ్ళో తెలియదు. వెతకడం ఎప్పుడూ ఆయన చనిపోయిన చోట, అంటే ఎక్కువగా అమెరికాలో, మొదలవ్వాలి. కావలసింది ఊరిపేరు. వలస వెళ్ళినవాళ్ళ మామూలు కాగితాల్లో అదే ఉండదు. అమెరికా జనాభా లెక్కల్లో పుట్టిన చోటు "ఐర్లండ్" అని మాత్రమే రాసి ఉంటుంది. 19వ శతాబ్దపు ఓడ జాబితాల్లోనూ ఎక్కువగా అంతే. పౌరసత్వం కాగితాలైనా, 1906 సెప్టెంబరు 27న కొత్త చట్టం అమల్లోకి రాకముందువైతే, ఫలానా రాజుకో రాణికో విధేయత వదులుకున్నానని తప్ప ఊరు చెప్పేవి అరుదు. ఊరు బయటపడేది ఎక్కువగా ఆస్తి పంపకం దగ్గర. డబ్బు ఎవరికి పంపాలో కోర్టుకు చెప్పాలంటే వాళ్ళు ఎక్కడుంటారో చెప్పక తప్పదు కదా.

మన జిల్లాల్లో వీలునామాకు ప్రొబేట్ తెచ్చుకునే అలవాటు తక్కువ కాబట్టి ఆ మాట ముందు విప్పి చెప్పాలి. ఇది చనిపోయినవారి నిజమైన వీలునామానే అని కోర్టు ఒప్పుకుని, అందులో పేర్కొన్న ఎగ్జిక్యూటర్‌కు ఆస్తి మీద అధికారం ఇవ్వడం ప్రొబేట్. వీలునామా లేకుండా పోతే దగ్గరి బంధువు అర్జీ పెట్టుకుంటాడు, కోర్టు అడ్మినిస్ట్రేషన్ పత్రం ఇస్తుంది. ఆ అర్జీలో వారసులందరి పేర్లు, చనిపోయినవారికి వాళ్ళేమవుతారు, ఎక్కడ ఉంటారు అన్నవి ప్రమాణం చేసి రాయాలి. మన తహసీల్దారు ఆఫీసులో తీసుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ లాంటిదే, కాకపోతే సముద్రాలు దాటి రాసినది. వీలునామా లేకపోతే వెతకడం దండగ అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నిజానికి వంశం తెలుసుకోవడానికి వీలునామా కంటే ఈ అర్జీయే ఎక్కువ పనికొస్తుంది.

ఇక శీర్షికలో పెట్టిన మేనత్త సంగతి. ముత్తాతకు భార్య, పిల్లలు ఉన్నారనుకోండి. అమెరికా రాష్ట్రాల వారసత్వ చట్టాల ప్రకారం ఆస్తి వాళ్ళకే వెళుతుంది, అర్జీలో పేర్లు అక్కడితో ఆగిపోతాయి. వాళ్ళు మనకు ముందే తెలిసినవాళ్ళు. అదే ముత్తాత చెల్లెలు న్యూయార్క్‌లోనో బోస్టన్‌లోనో ధనవంతుల ఇంట్లో పనిమనిషిగా నలభై ఏళ్ళు చేసి, పెళ్ళి లేకుండా, కొంత డబ్బు బ్యాంకులో వేసి కన్నుమూసిందనుకోండి. తల్లిదండ్రులు అప్పటికే లేకపోతే వారసులు తోబుట్టువులు. వాళ్ళలో పోయినవాళ్ళ వాటా వాళ్ళ పిల్లలది. అంటే కోర్టు ముందు మొత్తం కుటుంబం వరుసలో నిలబడుతుంది: ఇంటి దగ్గర పొలం చేసుకుంటున్న అన్న, పక్క ఊరికి కోడలిగా వెళ్ళిన అక్క, ఆస్ట్రేలియా వెళ్ళిన తమ్ముడు, పోయిన మరో అక్క పిల్లలు. పెళ్ళికాని కూలీలు, మతగురువులు, పిల్లలు లేని విధవలు కూడా ఇలాంటి ఫైళ్ళే వదిలిపోయారు. కాబట్టి ముత్తాతతో పాటు వలస వచ్చిన ప్రతి తోబుట్టువు పేరూ, చనిపోయిన ఏడూ ముందు ఒక కాగితం మీద రాసుకోండి. వెతకాల్సిన వరుస అది.

ఫైలు తెప్పించుకునేటప్పుడు వీలునామా నకలు అడిగి ఊరుకోవద్దు. కోర్టు వీలునామా పుస్తకంలో ఉండేది వీలునామా మాటలే. అసలు సరుకు కట్టలో ఉంటుంది: అర్జీ, బాండు (పూచీకత్తు పత్రం), ఆస్తి జాబితా, వారసులకు పంపిన నోటీసులు, పత్రికా ప్రకటన, ఖర్చుల లెక్క, చివరి పంపకం ఉత్తర్వు, ముట్టిన రసీదులు. "పూర్తి ఎస్టేట్ ఫైలు" అని స్పష్టంగా అడగాలి. ఐర్లండ్‌లో ఉన్న వారసుడు అమెరికా రాలేడు కాబట్టి అక్కడి ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపుతాడు. అందులో టౌన్‌ల్యాండ్ (అక్కడి అతి చిన్న భూవిభాగం), దాని పైనున్న పారిష్, కౌంటీ అన్నీ ఉంటాయి. చదువురానివాళ్ళు ఇంటూ గుర్తు పెడితే పక్కన సాక్షి సంతకం ఉంటుంది, ఆ సాక్షి కూడా చాలాసార్లు ఆ చుట్టుపక్కల మనిషే. చివరి లెక్క మొదటి అర్జీకి ఏడాది, రెండేళ్ళ తర్వాత వస్తుంది. ఆలోపు పెళ్ళయిన ఆడపిల్లల కొత్త ఇంటిపేర్లు అందులో దొరుకుతాయి. భార్య బతికున్నన్నాళ్ళు అనుభవించి తర్వాత పిల్లలకు అని రాసి ఉంటే, ఆమె పోయాక గానీ పంపకం పూర్తవదు. ఇరవై ఏళ్ళ తర్వాతి కాగితం అదే నంబరు కింద ఉండవచ్చు. తండ్రి పోయేనాటికి పిల్లలకు 21 ఏళ్ళు నిండకపోతే గార్డియన్ ఫైలు వేరే ఉంటుంది, అందులో పిల్లల వయసులు ఉంటాయి.

ఆస్తి జాబితాను తేలిగ్గా చూడకండి. అందులో న్యూయార్క్ ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంక్ పాస్‌బుక్ కనిపించిందంటే అదృష్టమే. 1850లో పెట్టిన ఆ బ్యాంకు ఖాతాదారును తర్వాత గుర్తుపట్టడానికి పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, తోబుట్టువులు, వచ్చిన ఓడ వంటివి అడిగి రాసుకునేది. ఆ పుస్తకాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి.

తప్పు కోర్టులో వెతికి "లేదు" అనుకోవడం మరో మామూలు పొరపాటు. అమెరికాలో ఈ వ్యవహారం కౌంటీది. న్యూయార్క్ రాష్ట్రంలో సరొగేట్ కోర్టు చూస్తుంది. మాన్‌హాటన్ న్యూయార్క్ కౌంటీ, బ్రూక్లిన్ కింగ్స్ కౌంటీ, రెండు కోర్టులు వేరు. బ్రాంక్స్ 1914లో గానీ ప్రత్యేక కౌంటీ కాలేదు, కాబట్టి 1905లో బ్రాంక్స్‌లో చనిపోయినవారి ఫైలు న్యూయార్క్ కౌంటీలో వెతకాలి. పెన్సిల్వేనియాలో ఇంకో తిరకాసు ఉంది: వీలునామా రిజిస్టర్ ఆఫ్ విల్స్ దగ్గర ఉంటుంది, పంపకం లెక్క ఆర్ఫన్స్ కోర్టులో ఉంటుంది. పేరు చూసి అనాథల కోర్టు మనకెందుకని వదిలేస్తే అసలుదే పోతుంది. షికాగోలో 1871 అక్టోబరు అగ్నిప్రమాదం కుక్ కౌంటీ పాత ఫైళ్ళను మింగేసింది. అంటే డబ్లిన్ ఒక్కటే కాలలేదు.

చాలా కౌంటీల కట్టలు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఖాతా తెరిస్తే చాలు. పేరు కొట్టి దొరకనంత మాత్రాన లేదనుకోవద్దు, ఫొటో తీసి పెట్టిన చాలా పేజీల చిత్రాలకు పేర్ల సూచీ తయారు కాలేదు. కేటలాగ్‌లో కౌంటీ పేరు, దాని కింద ప్రొబేట్, అందులో సూచీ సంపుటం, అక్కడ ఫైలు నంబరు, తర్వాత ఆ నంబరున్న చిత్రాలు అనే వరుసలో పోవాలి. 2024లో ఆ సంస్థ చేతిరాతను యంత్రంతో చదివించి పూర్తిపాఠంలో వెతికే వీలు తెచ్చింది, అదీ అమెరికా భూమి, ప్రొబేట్ రికార్డుల వంటివాటితో మొదలుపెట్టింది. దాంతో ఒక మంచి చిట్కా కుదురుతుంది: మనిషి పేరు బదులు ఊరిపేరు, ఇంటిపేరు కలిపి కొట్టండి. ఎవరో పొరుగువాడి ఫైలులో సాక్షిగానో పూచీదారుగానో మనవాడు తేలుతాడు. ఒకే ఊరివాళ్ళు ఒకరికొకరు బాండు మీద సంతకాలు పెట్టుకోవడం వలసవాళ్ళలో సహజం. యంత్రం మాత్రం పాత చేతిరాతలో అక్షరాలను తరచూ తారుమారు చేస్తుంది, రెండు మూడు రకాల అక్షరక్రమంతో వెతకాలి.

ఆడవాళ్ళ పేర్ల విషయంలో మరీ జాగ్రత్త. ఐర్లండ్‌లో బ్రిడ్జెట్ అన్న అమ్మాయి అమెరికాలో డీలియా అయిపోతుంది. హొనోరా నోరా అవుతుంది. ఇంటిపేర్ల ముందున్న "ఓ" ఊడిపోతుంది, తర్వాతి తరంలో మళ్ళీ అతుక్కుంటుంది. "మెక్" ఉన్నవాటిని పాత సూచీల్లో "ఎం" పక్కన చిన్న గీత పెట్టి, మొత్తం విడిగా ఒకచోట చేర్చారు. మాక్ గోవన్ అన్న ఇంటిపేరుకు కమ్మరి కొడుకు అని అర్థం, కాబట్టి కావన్ ప్రాంతంలో అదే కుటుంబం స్మిత్‌గా కూడా కనిపిస్తుంది.

సరే, ఫైలులో ఊరిపేరు దొరికింది. అది ఏ ఊరో తేల్చాలి. ఐర్లండ్‌లో అన్నిటికన్నా చిన్న భూవిభాగం టౌన్‌ల్యాండ్, దేశం మొత్తం మీద 60,000కు పైగా ఉన్నాయి. మన మౌజే కంటే చిన్నది, కొన్నిటిలో నాలుగైదు ఇళ్ళే. దాని పైన సివిల్ పారిష్, దాని పైన మన పాత ఫిర్కా లాంటి బారనీ, ఆపైన కౌంటీ. కాథలిక్ పారిష్ హద్దులు సివిల్ పారిష్ హద్దులతో కలవవు. పేరొకటే అయినా ఒక్కోసారి రెండూ వేరు. బాలీ, కిల్, నాక్ అని మొదలయ్యే పేర్లు వందలకొద్దీ. కిల్ అంటే ఒకచోట చర్చి, మరోచోట అడవి. 1830ల్లో సర్వే శాఖ ఇంగ్లీషులో ఒక అక్షరక్రమం ఖాయం చేసింది గానీ, అమెరికా గుమస్తా తన చెవిన పడినట్టు రాశాడు. వలసవాళ్ళు కూడా టౌన్‌ల్యాండ్ చెప్పకుండా దగ్గరి సంత ఊరు చెప్పడం మామూలే. 1851 జనాభా లెక్కల కోసం అచ్చువేసిన టౌన్‌ల్యాండ్ల అక్షరానుక్రమ సూచీ, ఐరిష్ ప్రభుత్వ స్థలనామాల వెబ్‌సైట్ లోగనిమ్ (logainm.ie) దగ్గర పెట్టుకోండి. పేరు పైకి పలికి చూడండి, కళ్ళతో చదివితే దొరకని ఊరు చెవికి దొరుకుతుంది.

ఇప్పుడు ఐర్లండ్ వైపు తిరగవచ్చు. 1858 జనవరి నుంచి ప్రొబేట్ పని చర్చి కోర్టుల చేతిలోంచి ప్రభుత్వ కోర్టుకు వచ్చింది. డబ్లిన్‌లో ప్రధాన రిజిస్ట్రీ, ఆర్మా, బాలినా, బెల్‌ఫాస్ట్, కావన్, కార్క్, కిల్కెనీ, లిమరిక్, లండన్‌డెరీ, ముల్లింగర్, ట్యూమ్, వాటర్‌ఫర్డ్‌లలో 11 జిల్లా రిజిస్ట్రీలు ఏర్పడ్డాయి. ఏటా ఇచ్చిన ప్రొబేట్లు, అడ్మినిస్ట్రేషన్లు అన్నిటినీ ఇంటిపేర్ల వరుసలో కేలండర్ పేరుతో అచ్చువేశారు. ఇవి కాలిపోలేదు. 1858 నుంచి 1922 వరకు ఉన్నవి ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉచితం. ఒక్కొక్క నమోదు ఆరేడు పంక్తులే, కానీ ప్రతి పంక్తీ సరుకే: పేరు, ఊరు, వృత్తి, చనిపోయిన తేదీ, చోటు, ఎవరికి అధికారం ఇచ్చారు, వాళ్ళ ఊరు, చాలాసార్లు వరస, ఆస్తి విలువ. ఐర్లండ్ మరణ ధ్రువపత్రాలు 1864లో మొదలయ్యాయి గానీ వాటిలో తల్లిదండ్రుల పేర్లు ఉండవు. ఈ నమోదు ఆ లోటు కొంత తీరుస్తుంది.

కేలండర్ వెతకడంలో ఎక్కువమంది తడబడేది సంవత్సరం దగ్గర. అది చనిపోయిన ఏడు కాదు, కోర్టు అధికారం ఇచ్చిన ఏడు. పల్లెల్లో తండ్రి పోతే కొడుకు కోర్టుకు వెళ్ళకుండానే పొలం దున్నుకునేవాడు. తర్వాత ఎప్పుడో భూస్వామి నుంచి పొలం కొనుక్కునే చట్టాలు, ముఖ్యంగా 1903 చట్టం, వచ్చాక హక్కు చూపించాల్సివచ్చి పరుగెత్తేవాళ్ళు. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, ఇంకా ఎక్కువ ఆలస్యం కూడా ఉంటుంది. కాబట్టి చనిపోయిన ఏడు నుంచి 1922 దాకా చూసి తీరాలి. చనిపోయిన ఏడే తెలియకపోతే గ్రిఫిత్ పన్ను మదింపు ఆసరా అవుతుంది. 1847, 1864 మధ్య ప్రతి కౌంటీకి అచ్చువేసిన ఈ పట్టికలో టౌన్‌ల్యాండ్‌లో ఎవరి చేతిలో ఏ భూమి ఉందో ఉంది. ఆ తర్వాతి సవరణ పుస్తకాల్లో పాత పేరు కొట్టేసి, కొత్త పేరు రాసి, పక్కన ఏడు వేశారు. పేరు మారిన ఆ ఏటికి ముందూ వెనకా కేలండర్ చూడాలి. మన అడంగల్ పుస్తకాలు తిప్పినవాళ్ళకు ఈ పద్ధతి చెప్పక్కర్లేదు.

అమెరికాలో స్థిరపడి చనిపోయినవాళ్ళ పేర్లు కూడా ఈ కేలండర్లలో ఉంటాయి. ఐర్లండ్‌లో పొలంలో వాటానో బ్యాంకులో డబ్బో ఉండిపోతే దానికోసం అక్కడ కూడా అధికారం తీసుకోవాలి. అలాంటి నమోదులో బోస్టనో న్యూయార్కో అని రాసి, పక్కనే ఐర్లండ్‌లోని బంధువు ఊరు ఉంటుంది. రెండు దేశాలనూ ఒక్క వాక్యంలో కలిపే కాగితం ఇంకోటి దొరకడం కష్టం.

నమోదు దొరికాక వీలునామా పాఠం కావాలి. కింద ఏ రిజిస్ట్రీ పేరుందో చూసుకోండి. జిల్లా రిజిస్ట్రీ అయితే 1858 నుంచి 1900 వరకు నకలు పుస్తకాలు ఉన్నాయి, నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లోనే చదవవచ్చు. ఆర్మా, బెల్‌ఫాస్ట్, లండన్‌డెరీ రిజిస్ట్రీలవి ఉత్తర ఐర్లండ్ పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో, అంటే బెల్‌ఫాస్ట్‌లో ఉన్నాయి. అక్కడి వెబ్‌సైట్‌లో పేరు కొడితే నకలు చిత్రం ఉచితంగా తెరుచుకుంటుంది. డబ్లిన్ ప్రధాన రిజిస్ట్రీ అయితే నకలు పుస్తకాలు కూడా అదే మంటల్లో పోయాయి, కొన్ని సంవత్సరాలవి మాత్రమే మిగిలాయి. అప్పుడు కేలండర్ నమోదుతోనే సరిపెట్టుకోవాలి.

చదవడంలో కొన్ని ఉచ్చులు ఉన్నాయి. ఇంగ్లీషులో "నెఫ్యూ" అన్న ఒక్కమాటతో అన్న కొడుకు, అక్క కొడుకు, భార్య తమ్ముడి కొడుకు అందరూ సరి. మన భాషలో అయితే మేనల్లుడు అనగానే సగం వంశం తెలిసిపోయేది. వీలునామాలో ఎవరినైనా నెఫ్యూ అనవచ్చు. వీలునామా లేని ఫైలులోని వారసుల జాబితాలో మాత్రం రక్తసంబంధం ఉన్నవాళ్ళకే వాటా, కాబట్టి అక్కడి నెఫ్యూ తోబుట్టువు కొడుకే. ఇంటిపేరు వేరైతే ముందుగా అనుమానించాల్సింది అక్కచెల్లెళ్ళ పెళ్ళిని. "కజిన్" అన్నమాట పాత వీలునామాల్లో ఏ చుట్టరికానికైనా వాడారు. "ఇప్పటి నా భార్య" అని ఉంటే అంతకుముందు ఇంకో భార్య ఉందని తేల్చేయకండి. ఇవ్వాల్సినది ఈమెకే, తర్వాత ఎవరినైనా చేసుకుంటే ఆమెకు కాదు అని ప్లీడరు కట్టిన గట్టు అది.

ఒక కొడుక్కి ఒక్క షిల్లింగు రాశాడని తండ్రీకొడుకుల మధ్య పగ అల్లేసే వంశచరిత్రలు ఎన్నో. చాలాసార్లు ఆ కొడుకు వాటా అప్పటికే అందిపోయి ఉంటుంది: పెళ్ళప్పుడు పొలం రాసి ఉంటారు, లేదా అమెరికా ఓడ చార్జీ ఇచ్చి ఉంటారు. మరిచిపోలేదని చూపడానికి షిల్లింగు. ఇదే కారణంతో కొందరు పిల్లల పేర్లు అసలే ఉండవు. వీలునామాలో లేడు కాబట్టి కొడుకు కాడు అనే తీర్మానం ఎన్నడూ చేయకూడదు. అలాగే ఆస్తి విలువ "100 పౌండ్లలోపు" అని ఉంటే అది చరాస్తి లెక్క. కౌలు హక్కు అందులోకే వస్తుంది, సొంత భూమి రాదు. ఆ అంకె చూసి పేదవాళ్ళనో ఉన్నవాళ్ళనో తేల్చడం తొందరపాటు. ప్రార్థనల కోసం ఫలానా ఫాదర్‌కు, ఫలానా చర్చికి ఇంత అని రాసిన వాక్యాన్ని మాత్రం వదలకండి, ఆ చర్చి ఉన్న పారిష్‌లోనే బాప్తిస్మ రిజిస్టరు వెతకాలి.

భార్యలు రాసిన వీలునామాలు 1882 వివాహిత స్త్రీల ఆస్తి చట్టానికి ముందు అరుదు. అప్పటిదాకా భర్త ఒప్పుకుంటే తప్ప వాళ్ళు రాయడానికి లేదు. దొరికే స్త్రీల వీలునామాలు విధవలవి, పెళ్ళికానివాళ్ళవి. మళ్ళీ మన మేనత్త దగ్గరికే వచ్చాం.

1858కి ముందు పరిస్థితి కష్టమే. వీలునామాలు ప్రొటెస్టెంట్ చర్చి అయిన చర్చ్ ఆఫ్ ఐర్లండ్ డయాసిస్ (ఒక బిషప్ పరిధి) కోర్టుల్లో రుజువయ్యేవి, చనిపోయినవాడు కాథలిక్ అయినా సరే. రెండో డయాసిస్‌లో కూడా 5 పౌండ్లు మించిన ఆస్తి ఉంటే ఆర్మా ఆర్చిబిషప్ ప్రెరోగటివ్ కోర్టుకు వెళ్ళేది. డయాసిస్ హద్దులు కౌంటీ హద్దులు కావు. కెర్రీ మనిషిని ఆర్డ్‌ఫర్ట్ పేరు కింద, వెక్స్‌ఫర్డ్ మనిషిని ఫెర్న్స్ పేరు కింద చూడాలి. పాఠాలు పోయినా సూచీలు మిగిలాయి, పేరు, ఊరు, ఏడు తెలుస్తాయి. ప్రెరోగటివ్ కోర్టువాటికి ఇంకో ఆసరా ఉంది. సర్ విలియం బెథమ్ అనే అధికారి 1800 వరకు ఉన్నవాటిలో దాదాపు అన్నిటికీ సారాంశాలు రాసిపెట్టాడు. ఆయనకు ఆస్తుల మీద ఆసక్తి లేదు, ఎవరు ఎవరికేమవుతారన్నదే కావాలి. మనకూ అదే కావాలి. 1828 తర్వాతివాటికి పన్ను శాఖ రిజిస్టర్లు ఉన్నాయి. రిజిస్టర్లు 1839 వరకు, సూచీలు 1879 వరకు. కాథలిక్ రైతుల వీలునామాలు 18వ శతాబ్దంలో తక్కువ ఎందుకంటే 1704 చట్టం వాళ్ళు భూమి కొనకూడదంది, 31 ఏళ్ళు మించి కౌలుకు తీసుకోకూడదంది. రాసివ్వడానికి ఏముంటుంది? 1778, 1782 చట్టాలతో ఆ కట్లు సడలాకే వాళ్ళ పేర్లు పెరుగుతాయి.

చివరగా మన రైల్వే కాలనీల కుటుంబాల కోసం. వాళ్ళ మొదటి ఐరిష్ పూర్వీకుడు చాలాసార్లు ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో సిపాయి. బందరు కోటలో 1809లో తిరగబడిన మద్రాస్ యూరోపియన్ రెజిమెంటే తర్వాత మద్రాస్ ఫ్యుజిలియర్స్ అయింది, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్ మొదటి బెటాలియన్‌గా మారింది. ఇలాంటివాళ్ళ వీలునామాలకు డబ్లిన్ మంటలతో సంబంధమే లేదు. మద్రాసులో 1726 చార్టర్‌తో వచ్చిన మేయర్స్ కోర్టు, తర్వాత 1801 నుంచి సుప్రీం కోర్టు, 1862 నుంచి హైకోర్టు ప్రొబేట్ ఇచ్చాయి. వాటి నకళ్ళు ఓడల్లో లండన్ వెళ్ళి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో, మద్రాసు వీలునామాల వరుసలో ఉన్నాయి. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ వెబ్‌సైట్‌లోని సూచీలతో మొదలుపెట్టవచ్చు. సిపాయి వీలునామా రెండు మూడు పంక్తులే, బాకీ జీతం ఎవరికివ్వాలో ఉంటుంది. అందులో ఊరు లేకపోతే అదే రికార్డుల్లోని సైనికుల రిజిస్టర్లు చూడాలి. చేరినప్పుడు పుట్టిన కౌంటీ, ఊరు రాసుకునేవారు.

మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన ఐరిష్ సిపాయిల వీలునామాలు దాదాపు 9,000 నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉన్నాయి. చాలావరకు జేబులో పెట్టుకునే జీతం పుస్తకంలోంచి చించిన కాగితాలే. అన్నీ ఉచితం.

వచ్చే ఆదివారం సంచికలో ఆ ఒక్క వాక్యం సరిదిద్దమని మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్